కుర్చీలు ఇళ్లకు పోయిన రోజు

అమీర్‌పేటలో మూడో అంతస్తు ఖాళీ చేసిన రోజు
కుర్చీలు అమ్ముదామంటే
పాత సామాన్లతను ఒక్కోదానికి రెండొందలన్నాడు.
మనసొప్పక,
ఎవరి కుర్చీ వాళ్లే తీసుకుపొమ్మన్నాను.

ట్రాలీ ఆటోలో కాళ్లు పైకెత్తి
ఒకటి సైదాబాద్ పోయింది, ఒకటి సఫిల్‌గూడ.
భిక్షపతి తనది బైకు వెనక కట్టుకున్నాడు
అత్తాపూర్ దాకా, చక్రాలు గాల్లో తిరుగుతుండగా.

ఆరు నెలలైంది.
"పంజాగుట్టలో ఇరుక్కున్నా సార్" అనే మాట
మా మధ్య లేకుండా పోయింది.
నుజ్‌హత్ ఇంట్లో ఎవరూ లేవకముందే
ఐదింటికల్లా లెక్కలు తేల్చేస్తుంది.
ఆమె పంపిన కాగితంలో తప్పులు వెతకడం మానేశాను.
హైమావతి మూడు నుంచి ఐదు దాకా పలకదు,
కొడుకు స్పీచ్ థెరపీ. అడగను.
రాత్రి తొమ్మిదికి పలుకుతుంది,
అప్పటికి నేనే ఆవులిస్తుంటాను.
నిరుడు రాజీనామా రాసిచ్చిన మనిషి.
ఆ కాగితం నా డ్రాయర్‌లో
తేదీ లేకుండానే ఉండిపోయింది.

గోడ గడియారం నా వాటాకొచ్చింది.
పది కొట్టగానే గుమ్మం వైపు తిరిగే మెడ
ఇంకా దారికి రాలేదు.
నాలుగింటి చాయ్ ఒక్కడినే తాగుతున్నాను.

మిగిలిన అద్దెతో జీతాలు కాస్త పెంచాను.
గొప్పతనమేం కాదు, లెక్క.

నిన్న మీటింగులో, తెర మీద,
భిక్షపతి కుర్చీలో వాళ్లమ్మ.
"నడుముకు మంచిగున్నది సారూ, మీ కుర్చీ" అంది.
వాడు వెనక చాప మీద కూర్చుని
ఈ నెల పద్దులు చదివాడు,
పైసా తేడా లేకుండా.