హాజరుపట్టీలో తవుడు

సొహార్‌లో నాలుగున్నరకి తెల్లారదు,
బస్సు లైట్లే తెల్లారతాయి.
ఆ వెలుగులో పట్టీ తెరిచి పేర్లు చదవడం నా పని.
పదకొండేళ్ళు చదివాను కదా,
ముఖం చూడకుండా జిల్లా చెప్పేస్తాను.
అసిరినాయుడంటే మావాడు, వంశధార నీళ్ళు.
ఓదెలు అంటే పెద్దపల్లి పక్క.
మద్దిలేటి కర్నూలు, అడగక్కర్లేదు.
పెంచలయ్య నెల్లూరు దాటి పుట్టడు.
మాలకొండయ్య ఒక్కడు దిగితే చాలు
వెనక కందుకూరు బస్సు ఆగినట్టే.
ఎవరి కొండ వాళ్ళు మోసుకొచ్చారు
ముప్పై కిలోల లగేజీలో తూకానికి రాకుండా.

దేవుడు లేని పేర్లే కొన్ని
చాన్నాళ్ళు అంతుపట్టలేదు,
నాది తప్ప.
నేను తవిటయ్యని.
నాకు ముందు ఇద్దరు పోయారు.
మూడోవాణ్ణి చేటలో వేసి మంత్రసానికిచ్చేసి
గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది మాయమ్మ.
ఇంత చవక సరుకుని చావు ముట్టదని.

పై మంచం పిచ్చయ్యది, దర్శి దగ్గర.
కొత్తలో ఆ పేరుకి అందరం నవ్వాం.
ఒక శుక్రవారం ఉల్లిపాయలు తరుగుతూ చెప్పాడు:
"పిచ్చి కాదబ్బాయ్, బిచ్చం.
ఏడిళ్ళు అడుక్కొచ్చిన బియ్యంతో చేశారు నా బారసాల."
మా ఫోర్‌మన్ సయీద్‌కి 'ప' పలకదు.
రోజూ బిచ్చయ్యా అనే పిలుస్తాడు.
మనం పోగొట్టుకున్న అక్షరం
అరబ్బీ నోట్లో దొరికింది.

పక్కీరప్పది పులివెందుల.
"దర్గాలో ఫకీరు జోలెలో యేసి తీసుకున్యారంట నన్ను."
సయీద్‌కి అర్థమైన పేరు మాలో అదొక్కటే.
మొదటిరోజే "ఫకీర్?" అని నవ్వి
తన నీళ్ళసీసా చేతికిచ్చాడు.

భిక్షపతి జనగామ మనిషి, మాటకి ముందు బీడీ.
"గిదే ముచ్చట మా దగ్గర గూడ" అన్నాడు చివరికి,
"నాకంటె ముంగట ముగ్గురు వోయిన్రంట."
ఆ పూట పప్పు మాడింది.
ఎవరూ చూళ్ళేదు.

నిరుడు మాఘంలో భిక్షపతికి కూతురు.
ఏడో నెలకే. కిలో నూట యాభై గ్రాములు.
హన్మకొండలో, గాజుపెట్టెలో.
వాళ్ళావిడ అప్పటికే పేరు ఫోన్లో వెతికి పెట్టేసింది: శ్రీహన్విక.
ఏ జిల్లా అని నన్నడగకండి,
ఆ పేరు ఈ ఏడాది అన్ని జిల్లాల్లోనూ పుట్టింది.
మంచి పేరే.
భిక్షపతి రెండుసార్లు పలికి చూసుకుని
గ్లాసు కింద పెట్టాడు.
"గంత కిరీదు పేరు వెట్టిన్రు" అన్నాడు.

పిచ్చయ్య లేచాడు. స్టీలు పళ్ళెం కడిగాడు.
వరండా పొడుగునా తలుపులు తట్టాడు.
బెంగాలీ మేస్త్రీ అయిదు బైసాలు వేశాడు, ఎందుకని అడక్కుండా.
నేపాలీ కుర్రాడు పది.
పెషావరు డ్రైవరు నోటు తీస్తే వద్దన్నాడు పిచ్చయ్య,
చిల్లరే కావాలి, చవగ్గా ఉండాలి.
మొత్తం అరవై బైసాలు. టీ కూడా రాదు.

పక్కీరప్ప ఫోను పట్టుకున్నాడు,
తెరలో గాజుపెట్టె, గాజుపెట్టెలో గొట్టాల మధ్య ఒక పిడికిలి.
తవుడుకి బతికినవాడివి నువ్వే కొనాలి అన్నారు.
పళ్ళెం భిక్షపతి చేతిలో పోశాను.
ఆ ఒక్క రాత్రి నాకూ కూతురుంది.
ఊపిరి లెక్కపెడుతూ పడుకోలేదు.
పొద్దున హాజరుకి ముందే, బస్సు లైట్లలో,
అవే అరవై బైసాలకి తిరిగి కొనుక్కున్నాడు.
ఏం పేరు పెడదామంటే
నాణెం చూసి పక్కీరప్పే అన్నాడు: బైసమ్మ.

ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది.
హన్మకొండలో ఆ పేరు ఎవరికీ చెప్పలేదు,
వాళ్ళమ్మ ఊరుకోదు.
ఫోన్లో శ్రీహన్వికా అనే పిలుస్తాడు భిక్షపతి,
పెట్టేశాక, ఉప్పుడబ్బాలో చిల్లర కదిపి, రెండో పేరు.

ముందు ముందు ఎక్కడైనా, ఏ పట్టీలోనైనా
బైసమ్మ అని వినిపిస్తే
నన్నడగండి, ముఖం చూడకుండా చెప్పేస్తాను:
సొహార్. పద్నాలుగో గది. ఎడమవైపు కింది మంచం.