వేరు

మెట్రో తవ్వకాల బురద దాటుకుని
పొద్దున పదకొండుకి రిచీ స్ట్రీట్‌కి వచ్చిందామె.
"మధ్యాహ్నానికే చార్జి అయిపోతోందమ్మా,
బ్యాటరీ మార్చు" అంది తెలుగులోనే, నా యాస పట్టేసి.
చీటీ మీద రాశాను: వకుళ, సైదాపేట.
నాది తడ. రోజూ రైల్లో వచ్చి
కాదర్ భాయ్ కొట్లో, భూతద్దం కింద,
చీమ తలంత స్క్రూలతో బతుకుతాను.

బ్యాటరీ బానే ఉంది.
కానీ ఫోన్‌లో రెండు కాలిక్యులేటర్లున్నాయి.
అన్ని లెక్కలేముంటాయి ఒక మనిషికి?
ఒకటి కూడుతోంది, తీసేస్తోంది.
రెండోది నొక్కితే తలుపు తెరుచుకుంది.
రూట్ చేసిన ఫోన్.
ఎవరికి ఎంతవరకు చనువో రాసుకున్న చిట్టా.

నేనూ చేస్తాను రూట్. అందులో తప్పులేదు.
కంపెనీవాడు వదిలేసిన నా పాత ఫోన్
ఇంకా ఊపిరి తీస్తోందంటే అందుకే.
నేర్చుకునే పిల్లలకి ఒకటే చెబుతాను:
అడిగిన ప్రతిదానికీ ఊఁ కొట్టకండి.
దీపం పెట్టడానికొచ్చినవాడికి
ఇనప్పెట్టె తాళంచెవి ఎందుకు?
టార్చిలైటు యాప్ వేళ్ళదాకా పోతానంటే
పోనివ్వకండి.
ఈసారికి, పది నిమిషాలు, ఎప్పటికీ.
అడిగినప్పుడల్లా పక్కన అంకెలు తగ్గుతుంటాయి,
పది, తొమ్మిది, ఎనిమిది...
ఏదీ నొక్కకపోతే లేదనే లెక్క.
మౌనం అర్ధాంగీకారమంటారు మనవాళ్ళు.
దీన్ని తయారుచేసినవాడెవడో
ఆ మాట విన్నట్టు లేదు, పుణ్యాత్ముడు.

చిట్టాలో ఒకే ఒక్క పేరు.
సిస్టమ్ సర్వీస్. పళ్ళచక్రం బొమ్మ.
అనుమతి: ఎప్పటికీ.
ఇచ్చింది: మార్చి పద్నాలుగు, రాత్రి రెండూ నలభై.
దాని సంచీ విప్పితే
పావుగంటకొక వరస.
సైదాపేట. సైదాపేట. టీ నగర్. సైదాపేట.
ఒకరోజు మాత్రం, గంటన్నర, బీసెంట్ నగర్ ఒడ్డు.
ఇంతా చేసి, ఆమె చార్జి తాగుతూ.

ఫోన్ తిప్పి చూపించాను.
తేదీ దగ్గర వేలు పెట్టింది.
"ఆయన వాడి ఇచ్చిన ఫోనే ఇది.
ఆ రాత్రికి నాకింకా కుట్లు విప్పలేదు.
మత్తుబిళ్ళ వేసుకుని పడుకున్నా.
పక్కనే కూర్చున్నాడు తెల్లారేదాకా.
ఎంత బాగా చూసుకున్నాడో అని
మా అక్కతో చెప్పాను కూడా."
కాసేపాగి,
"నా వేలే పెట్టుంటాడు" అంది
ఆ వేలినే చూసుకుంటూ.

భాయ్ ఆమె ముందు టీ గ్లాసు పెట్టి
ఏమీ అనకుండా వెళ్ళాడు.

"రూట్ అంటే ఏంటి?"
"వేరు" అన్నాను.
అన్నాక గాని తట్టలేదు
మన మాటలో దానికింకో అర్థముందని.
ఆమెకి ముందే తట్టినట్టుంది.

"తీసేస్తే తెలుస్తుందా ఆయనకి?"
"చుక్క కనబడకపోతే తెలుస్తుంది."
"కనబడుతూనే ఉంటే?"

పది, తొమ్మిది, ఎనిమిది...
ఆమె ముఖంలో అంకెలు తగ్గడం చూశాను.
ఈసారి సున్నా రాకముందే
ఏదో ఒకటి నొక్కింది.

సిమ్ ఒక్కటీ తీయించుకుంది.
పక్క కొట్లో మీటల ఫోన్ కొంది, తొమ్మిది వందలు.
నాచేత చీటీ తిరగరాయించింది:
బ్యాటరీ ఆర్డరు పెట్టాం, సోమవారం వస్తుంది.
నేను రాసిన మొదటి దొంగచీటీ అది.
భాయ్ చదివి, కొట్టు ముద్ర వేశాడు.
ఆమె మౌంట్ రోడ్డు వైపు నడిచింది,
సైదాపేట బస్సు ఆగే పక్కకి కాదు.

ఆరూ ఇరవై రైలుకి బయల్దేరుతూ
సొరుగు తెరిచి చూశాను.
ఆరిపోకూడదని చార్జరు తగిలించాను.
కొట్టు వైఫై చాలు దానికి.
రిచీ స్ట్రీట్. రిచీ స్ట్రీట్. రిచీ స్ట్రీట్.
పావుగంటకొకసారి
నిజమే చెబుతోంది, పాపం.