టేపు ఊడదీస్తున్నప్పుడు

స్కార్‌బరోలో, సముద్రానికి ఎదురుగా ఉన్న పాత హోటల్లో
సోమవారం పొద్దున్న
హిల్డా ఔత్‌వెయిట్ కార్పెట్ మీద మోకాళ్ళూని
పసుపు టేపు ఊడదీస్తోంది.

శుక్రవారం ఆ టేపే వరుస.
నాలుగువందల మంది దాని మాట విన్నారు.
తోకలున్నవాళ్ళు, ఒళ్ళంతా నీలం పూసుకున్నవాళ్ళు,
అట్టపెట్టెలో దూరి మరమనిషైన మనవణ్ణి
మెట్టు మెట్టుకీ ఎత్తి దించిన తాతగారు.
ఇప్పుడది గోటికి అంటుకున్న జిగురు.

నేను వచ్చింది అభిమానిగానే.
ఎప్పుడో పదమూడు వారాలు టీవీలో నడిచి
నావ చీకట్లోకి మలుపు తిరుగుతుండగా
ఆపేసిన కథ అది.
రాత్రి డ్యూటీ దిగాక నిద్రపట్టని పగళ్ళలో
హల్ నర్సుల క్వార్టర్స్‌లో
డిస్కులు అరిగేదాకా చూశాను.
దాని గురించి మాట్లాడ్డానికి ఒక్క మనిషి దొరక్క
గోడకి చెప్పుకున్నాను.
ఈ మూడు రోజులూ గోడ జవాబిచ్చింది.

అయినా ఇది ఆ కథ గురించి కాదు.

బ్యాడ్జీ మీద నా పేరు సరిగ్గా ఉంది.
జ్ఞానప్రసూన.
పద్దెనిమిదేళ్ళుగా ఈ దేశపు రశీదులూ కాఫీ కప్పులూ
ఎక్కడపడితే అక్కడ నరికిన పేరు,
పన్నెండు ఇంగ్లీషు అక్షరాలూ ఉన్నాయి.
ఎలాగయ్యా అంటే, బల్ల వెనక ఫెర్గస్ అనే కుర్రాడు
చెవులు ఎర్రబడి,
"ముందు చిత్తుకాగితం మీద మూడుసార్లు రాసుకున్నా" అన్నాడు.
అంతే, నా వెనక డ్రాగన్ వైపు తిరిగాడు.

ఆ డ్రాగన్ తోక మధ్యాహ్నానికి తెగింది.
వారమంతా లారీ నడిపే ఒలుమిడే
నోటినిండా గుండుసూదులతో, మాటలేకుండా,
తల్లి కూతురి జడ అల్లినట్టు
పొలుసు పొలుసునీ కలిపి కుట్టాడు.
డబ్బులివ్వబోతే తల అడ్డంగా ఊపాడు.
సూదులు రాలలేదు.

శనివారం రాత్రి రెండున్నరకి ఎవరో రొట్టె మాడ్చారు.
అలారం మోగి గ్రహాంతరవాసులందరం
దుప్పట్లు కప్పుకుని పార్కింగులో నిలబడ్డాం.
ఫిబ్రవరి సముద్రం ఉప్పు తీసి మొహాన కొడుతోంది.
నైటీ మీద నారింజ జాకెట్ తగిలించుకుని
హిల్డా టార్చితో లెక్కపెట్టింది,
కొమ్ములున్న తలకి ఒకటి, లేని తలకీ ఒకటే.
మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టింది.
ఒకరు తగ్గారు.
నాలుగో అంతస్తులో, వినికిడి లేని పిల్లాడు
యంత్రం చెవిలోంచి తీసి పడుకుంటాడని
కాగితం చూడకుండానే ఆవిడకి తెలుసు.
హోటల్ కావలివాడి రెక్క పట్టుకుని గది నంబరు చెప్పింది.
పిల్లాడు కళ్ళు నులుముకుంటూ దిగొచ్చేదాకా
టార్చి మెట్లమీంచి కదల్లేదు.

వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు.
ఆ వడ్డించేవాడు ఏ బంతిలో కూర్చుంటాడో
సామెతకి పట్టలేదు.

నిన్న సాయంత్రం ముగింపు సభలో
కార్యకర్తలంతా వేదిక మీదికి రండి అని పిలిస్తే
ఇద్దరే వచ్చారు.
మిగతావాళ్ళు పక్క హాల్లో కుర్చీలు పేరుస్తున్నారు.
మేం కొట్టిన చప్పట్లు గోడ దాటి వెళ్ళాయో లేదో.

అందుకే ఇవాళ అడిగాను,
"ఏ చర్చ బాగా నచ్చింది మీకు?"
హిల్డా నవ్వింది.
పదకొండేళ్ళలో ఒక్కటీ కూర్చుని వినలేదట.
"చివరి భాగం తెర మీద వేసినప్పుడు మాత్రం
తలుపు బయట నిలబడతాను, ప్రతి ఏడూ.
నావ మలుపు తిరిగినప్పుడు
మీరంతా ఒక్కసారి ఊపిరి బిగపడతారు చూడు,
అది బయటికి వినిపిస్తుంది."

నేను రెండో కొసనుంచి టేపు పట్టుకున్నాను.
"నీ రైలు పదకొండుకి కదూ" అంది తలెత్తకుండా.
అదెలా తెలుసని అడగలేదు.
గడియారం చూడలేదు కూడా.
ఇంకో టేపు ఉంది, లిఫ్టు దగ్గర మొదలై
మెట్లదాకా.