కాస్త

లిమ్‌ఫియోర్డ్ గట్టున డెబ్బై మీటర్ల ఉక్కు గొట్టం
రాత్రనక పగలనక పొర్లుతూ
సుద్దరాయిని సిమెంటుకి కాలుస్తుంది.
ఎబ్బె క్రోస్‌గోర్ నల్లద్దం కంటికానించి
ఇరవయ్యారేళ్ళుగా ఆ మంటలోకే చూస్తున్నాడు.
"ఎర్రబడింది, కాస్త" అంటాడు.
బొగ్గు పిడి కాస్త తిప్పుతాడు.

కాస్త అంటే ఎంత?

కోపెన్‌హాగన్ నుంచి నేను సమీకరణాలు మోసుకొచ్చాను.
మూడు రోజులు నిలబడ్డాయి.
నాలుగోనాడు వానకి సుద్ద తడిసింది,
లోపల ఇటుకల మీది పెచ్చు ఊడిపడింది.
రెండింతలు నెడితే రెండింతలు కదిలే రకం కాదది.
ఒకప్పుడు గుంజినా ఉలకదు,
ఇంకొకప్పుడు దగ్గితే దొర్లుతుంది.

నోటుబుక్కు తీసి ఆయన పక్కన కూర్చున్నాను.
మంట నారింజపండైతే, మోటారు మూలుగుతుంటే
గాలి పెంచు, ఓ మోస్తరుగా.
ఇలాంటివి నలభైమూడు.
ఒక్కో మాటకీ అంచులు చెరిపాను:
ఈ వేడి 'వేడి'లో ఏడు పాళ్ళు, 'మరీ వేడి'లో మూడు.
జూన్ నెల ఇక్కడి రాత్రిలాగ,
ఎక్కడ చీకటి ఆగిందో గీత గీయలేం.
"ఇదే లెక్కన మా ఆవిడ కాఫీ పోస్తుంది" అన్నాడు ఎబ్బె.

తర్వాత ప్రతి మాటకీ ఒక బరువు కట్టాను.
తప్పు జరిగినప్పుడల్లా
అందులో ఎవరి వాటా ఎంతో చూసి
అంత మేరకే బరువు సవరించుకోవాలి యంత్రం.
నేర్చుకునే వేగం ఎక్కువ పెట్టాను, వయసు అలాంటిది.
గొట్టం తెల్లవార్లూ తాగినవాడిలా ఊగింది.
ఒక రాత్రి సరుకంతా పారబోశారు.
ఎబ్బె ఏమీ అనలేదు, అదే బాధ.

వేగం తగ్గించి, క్యాంటీన్ రసీదు వెనక
రుజువు రాశాను:
తప్పు గిన్నెలో గోలీలా కిందికి జారుతుంది.
అడుగున సున్నా దగ్గర ఆగుతుందని మాత్రం రాయలేకపోయాను.
ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది, గట్టు దాటదు.
అంతకు మించి మాటివ్వడం నాకు రాదు.

మార్చిలో చూస్తే పదిహేడో సూత్రం బరువు
ఎబ్బె చెప్పినదానికి పూర్తిగా ఎదురు తిరిగింది.
భయపడుతూనే చూపించాను.
కాగితం వంక, మంట వంక, తన చేతి వంక చూశాడు.
"ఔను మెరెతె, కొత్త ఇటుకలు వేశాక
నేనూ ఇలాగే తిప్పుతున్నట్టున్నాను.
నీకు చెప్పలేదు.
నాకే తెలీదు."

షిఫ్టు దిగి బయటికొచ్చాం.
వాన పడుతోందా అంటే
చెయ్యి చాపి చూస్తే గానీ చెప్పలేం.