నాలుగిళ్ళు

గ్రిమ్స్‌బీ. మంగళవారం సాయంత్రం. లైబ్రరీ మేడ మీద
చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు.
ఎంత తోమినా వేళ్ళని వదలని హాడక్ వాసన.
నొరీన్ టీచర్ బోర్డు మీద నాలుగు గడులు గీసింది.
"ఇంగ్లీషులో 'అయితే' ఈ నాలుగిళ్ళలోనే కాపురముంటుంది."
అని, తనకే నమ్మకం చాలనట్టు
మార్కర్ మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

నిప్పు ముట్టుకుంటే కాలుతుంది: మొదటి ఇల్లు.
వానొస్తే తడుస్తాం: రెండోది.
అత్తకు మీసాలొస్తే అనుకునేవాళ్ళకి మూడోది.
చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళకి
చివరి ఇల్లు.

డైవా చెయ్యెత్తింది.
"మా సూపర్‌వైజర్ అంటాడు,
దాహమేస్తే ఫ్రిజ్‌లో నీళ్ళున్నాయని.
నాకు దాహం వెయ్యకపోతే
ఆ నీళ్ళు ఎటు పోతాయి?"
అందరూ నవ్వారు.
నీళ్ళు ఎటూ పోలేదు. ఏ గడిలోకీ రాలేదు.

ఇంకెవరో బస్సు డ్రైవర్ మాట మోసుకొచ్చారు:
"ఇంకొక్క మాట, దింపేస్తా."
అందులో 'అయితే' లేదు, 'గియితే' లేదు,
బెదిరింపు మాత్రం నిండుగా ఉంది.

మూడు వారాలుగా నోరు విప్పని హబ్తోమ్
నోట్‌బుక్ చూస్తూ చదివాడు:
"మా తమ్ముడు ఫిల్మొన్
ఆ రాత్రి పడవ ఎక్కి ఉంటే..."
ఆగాడు.
"చివరి ఇంట్లో పెడితే, వాడు ఎక్కలేదని అర్థం.
పుస్తకానికెలా తెలుసు, మేడమ్?
నాకే తెలీదు."

రేడియేటర్ రెండుసార్లు టకటకలాడింది.

నొరీన్ వాళ్ళ నాన్న ట్రాలర్ మీద పోయినవాడు.
వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి
"ఆయన గాని వస్తే..." అని
మిగతా సగం చెప్పకుండా
ఇంకో పళ్ళెం పెట్టేది.
ఆ వాక్యాన్ని ఇన్నేళ్ళ పాఠాల్లో
నొరీన్ ఎప్పుడూ బోర్డెక్కించలేదు.
ఇవాళా ఎక్కించలేదు.

గడులు దాటి, బోర్డు అంచున
చోటు చాలక వంకరపోయిన అక్షరాలతో రాసింది:
ఎక్కి ఉంటే, ఈపాటికి చేరి ఉంటాడు.

"ఉండేవాడు కాదా?" డైవా అడిగింది.
"కాదు. ఉంటాడు."
"పుస్తకంలో లేదు."
"లేదు. అయినా తప్పు కాదు."

తలుపు దగ్గర క్లిఫ్, తాళాల గుత్తి ఆడిస్తూ:
"మీ పని అయిపోతే, నేను తాళం వెయ్యాలి."
అవ్వకపోయినా వెయ్యాలి.
అది ఏ ఇంటిదో ఎవరూ అడగలేదు.
కుర్చీలు జరిగాయి, కోట్ల జిప్పులు పైకి లేచాయి.
హబ్తోమ్ ఇంకా చివరి మాట దగ్గరే ఉన్నాడు,
కాగితం అవతలికి కూడా దిగేలా
పెన్ను ఒత్తిపెట్టి రాస్తూ.