చిటికెనవేలు పట్టేంత

ఒక్కదాన్నే నడిపితే ఏ గొడవా లేదు.
వెనక ముగ్గురెక్కితేనే, గతుకు గతుక్కీ
టైరు మడ్‌గార్డు అంచును గీరి
కాలిన రబ్బరు కంపు.

"బ్యాలరాట్ చలికి రంగు పెళుసు,
ముందు కాగనీ," అన్నాడు డెస్మండ్,
బెణికిన మడమకు కాపడం పెట్టినట్టు
హీట్‌గన్ తిప్పుతూ.
చక్రం ఊడదీసి, రోలర్ బిగించి
అటూ ఇటూ, అటూ ఇటూ,
రేకు లోపలి పెదవి
అలిగి అలిగి మడతపడింది.
ఇప్పుడు నా చిటికెనవేలు దూరుతుంది.

ఒకచోట మాత్రం రంగు టప్పున లేచింది,
చింతగింజంత.
గోళ్లరంగు పూశాను. నీలం కలవలేదు.

సాయంత్రం నెట్‌బాల్ జట్టులో సగం ఎక్కింది.
స్టర్ట్ వీధి గతుకు రాగానే
అందరూ కాళ్లు పైకెత్తారు,
బరువు తగ్గుతుందన్నట్టు.
ఏమీ వినపడలేదు.
ఆ నిశ్శబ్దం నచ్చక కాబోలు
హేజెల్ రేడియో పెట్టింది.