కాలువ కట్టేసిన నెల

అమలాపురంలో వైశాఖం.
కాలువ కట్టేశారు. ఒండ్రు ఎండి నెర్రెలు విచ్చిన వాసన
ఎలకల గది దాకా వస్తోంది.
ఫార్మసీ కాలేజీ వెనక, జనరేటరు పక్క గది.
నలభై ఎనిమిది తెల్ల చిట్టెలుకల్లో
పన్నెండు మిగిలాయి, ఊక పరుపు మీద.
పద్నాలుగు రోజులుగా వాటికి
లేని జబ్బుకి మందు వేస్తున్నాను.

సైక్లోఫాస్ఫమైడ్ పడ్డ గుంపులో
బి-కణాలు ముందు పోయాయి.
కోసి చూస్తే ప్లీహం చింతాకంత.
స్టెరాయిడ్ గుంపులో థైమస్ కరిగిపోయింది,
రక్తంలో న్యూట్రోఫిల్స్ మాత్రం పెరిగాయి!
రెండుసార్లు లెక్కపెట్టాను, మరతో, టక్కు టక్కుమని.
పెరిగినవి కావవి.
నాళాల గోడలు పట్టుకుని కాపలా కాసేవి
పట్టు వదిలి ప్రవాహంలో పడ్డాయి.
గట్టు మీది జనం కాలవలో కనిపిస్తే
ఊరు పెరిగిందనుకోకూడదు.

మాక్రోఫేజ్‌లు నల్లసిరా ఎక్కించినా
మింగుతూనే ఉన్నాయి, కాస్త నెమ్మదిగా,
చివరి పంక్తిలో ముసలాళ్లలా.

ఈ పన్నెండూ సైక్లోస్పోరిన్‌వి.
తోక రక్తంలో టి-కణాలున్నాయి, దాదాపు అన్నీ.
చెవికి మంట మందు రాశాను.
వాచలేదు.
ఉన్నాయి. పిలిస్తే పలకవు, ఒకటి రెండవదు.

"ఆ డబ్బా మాకు తెలుసండి," అంది నూకరత్నం
బోను కడుగుతూ. చదువు రాదు తనకి, రంగు గుర్తు.
"మా తమ్ముడు పూటపూటా వేసుకునేదేనండి.
నా కిడ్నీ వాడి దగ్గరుందండి, ఎడమది.
ఏం చేస్తదండి అది, లోపల?"

నోరు తెరిచి, గ్రాఫు కోసం వెతుక్కున్నాను.
ఈలోగా తనే చెప్పింది:
లొల్ల లాకుల దగ్గర వాళ్ల నాన్న లస్కరట.
"తలుపు దింపితే నీళ్లు చచ్చిపోవండి,
ఎగువన నిలబడతాయి. అలాగేనాండి?"
అలాగే. పూర్తిగా అలాగూ కాదు.
అంతకన్నా బాగా చెప్పడం నాకూ రాదు.

"గోదారి అడ్డంగా ఈదేవోడండి వాడు.
ఇప్పుడు కాలవలో కాలు పెట్టనివ్వను.
పోయినేడు తుమ్మముల్లు గీరితే
పదకొండు రోజులు కాకినాడలో పడున్నామండి."

కాసేపు బ్రష్షు చప్పుడు.
"వీటిని రేపేనాండి?"
రేపే.

మార్చే రోజు కాదు. అయినా
పన్నెండు బోనుల్లోనూ ఊక మార్చింది.
కొత్త ఊక, ఇంకా మిల్లు వేడి పోలేదు.
ఒకటి అందులో గుంట తవ్వుకుని
ముడుచుకుని పడుకుంది.